ఒక్క శాతం ఖరీదు 72 వేలు: కదిరి కూలీల వైపు నుంచి పింఛన్ అప్పీల్

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వికలాంగుల పింఛన్ నెలకు 3 వేల నుంచి 6 వేల రూపాయలకు పెరిగింది. 2025లో ప్రభుత్వం సదరం సర్టిఫికెట్లను మళ్లీ తనిఖీ చేయించి, వైకల్యం 40 శాతం లోపే ఉందని తేలినవారికి ఆగస్టులో నోటీసులిచ్చింది. నిరసనలు రావడంతో అప్పీల్‌కు అవకాశం ఇచ్చామంది.

అనర్హుల ఏరివేతను మేము తప్పుపట్టడం లేదు. మా ప్రశ్న కొలత గురించి. 40 శాతం ఉంటే ఏడాదికి 72 వేలు, 39 అయితే సున్నా. ఆ ఒక్క శాతం బరువు అందరిమీదా ఒకేలా పడదు. కదిరి, తలుపుల, తనకల్లు లాంటి వానాధార మండలాల్లో సెంటు భూమిలేని మాల, మాదిగ కుటుంబానికి ఒళ్లే పెట్టుబడి. చెనిక్కాయ పీకాలన్నా, ఉపాధి హామీ పనిలో మట్టి మోయాలన్నా కాళ్లూ నడుమూ సహకరించాలి. కుర్చీలో కూర్చుని పనిచేసే ఉద్యోగికి 35 శాతం కాలి వైకల్యం ఇబ్బంది. కూలికి అదే వైకల్యం బతుకుదెరువు పోవడం. సదరం కాలిని కొలుస్తుంది, పోయిన కూలిని కొలవదు.

శాతం ఒక్కటే చూసి తేల్చకూడదని 2024 అక్టోబర్‌లో ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఎంబీబీఎస్ సీటు కేసు. మనిషి ఆ చదువు చదవగలడా లేదా బోర్డు పరిశీలించాలంది. చదువు దగ్గర అడిగిన ఆ ప్రశ్నను పింఛన్ దగ్గర ఎందుకు అడగరు?

2016 వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ సర్టిఫికెట్‌పై అప్పీల్ హక్కు ఇచ్చింది. సర్టిఫికెట్ నిరాకరిస్తే కారణాలు రాసివ్వాలని 2017 నిబంధనలు చెబుతున్నాయి. శాతం తగ్గించినప్పుడూ అదే పద్ధతి పాటించాలి. కారణం తెలియకుండా చేసే అప్పీల్ చీకట్లో రాయి విసరడమే. పైగా మళ్లీ పరీక్షకు వెళ్లాలంటే బస్సు చార్జీలు, ఆ రోజు కూలి, తోడొచ్చినవారి కూలి కూడా పోతాయి.

కాబట్టి విద్యార్థులు, కార్యకర్తలు చేయాల్సిన పని ఉంది. నోటీసు వచ్చినవారిని వాడలవారీగా కలవాలి. పాత, కొత్త సర్టిఫికెట్లు, చికిత్స కాగితాలు ఒకచోట చేర్చాలి. అప్పీల్ ఇచ్చి రసీదు తీసుకోవాలి. శాతం ఎలా లెక్కగట్టారో సమాచార హక్కు కింద అడగాలి. అప్పీల్ తేలేదాకా పింఛన్ ఆపొద్దని, పరీక్షకు ప్రయాణ ఖర్చులివ్వాలని కలిసి డిమాండ్ చేయాలి.

అనారోగ్యంలో, వైకల్యంలో ప్రభుత్వ సాయం అందాలని రాజ్యాంగం 41వ అధికరణంలో రాసి ఉంది. ఆ మాటను ఒంటరిగా నోటీసు పట్టుకుని నిలబడ్డ కూలి చేతికి అందించాల్సింది మనమే.