కేబుల్ టీవీకి కావలసింది బలం కాదు, కొలత

టీవీలో బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోతే కేబుల్ ఆపరేటరుకు ఫోన్ చేస్తాం. ఆయన మనిషి వచ్చి, స్తంభం మీది యాంప్లిఫయర్‌ను కాస్త తిప్పి సిగ్నల్ పెంచి వెళతాడు. మన ఇంట్లో బొమ్మ కుదురుకుంటుంది. రెండు రోజులకు వీధి చివరి ఇంట్లో అదే ఫిర్యాదు మొదలవుతుంది. తప్పు పనిమనిషిది కాదు, కొలవకుండా సరిచేసే అలవాటుది.

కేబుల్‌లో సిగ్నల్ దూరంతో పాటు పౌనఃపున్యాన్ని బట్టి కూడా తగ్గుతుంది. ఇళ్లలోకి వచ్చే ఆర్‌జీ-6 తీగ 100 మీటర్ల పొడవులో 55 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 5 డెసిబెళ్లు తగ్గిస్తే, 550 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 16 డెసిబెళ్లు తగ్గిస్తుంది. 10 డెసిబెళ్లు తగ్గడమంటే శక్తి పదో వంతుకు పడిపోవడం. అంటే ఒకే తీగలో కింది ఛానళ్లు బలంగా, పై ఛానళ్లు నీరసంగా చేరతాయి. అప్పుడు మొత్తం సిగ్నల్‌ను పెంచితే పైవి సరిపోయేసరికి కిందివి మితిమీరతాయి. యాంప్లిఫయర్ తన హద్దు దాటగానే ఛానళ్లు ఒకదానిలో ఒకటి కలిసి కొత్త రొదను పుట్టిస్తాయి. ఆ రొద తర్వాతి యాంప్లిఫయర్లన్నిటికీ వెళుతుంది. దాన్ని అక్కడ ఎవరూ తీసివేయలేరు.

అందుకే సరిచేయడానికి ఒక వరుస ఉంది. మొదటి యాంప్లిఫయర్ నుంచి మొదలుపెట్టాలి. ఒక కింది ఛానల్, ఒక పై ఛానల్ స్థాయిలను మీటరుతో చూడాలి. ఈక్వలైజర్‌తో ఆ తేడాను సరిదిద్ది, అటెన్యుయేటర్‌తో మొత్తం స్థాయిని నిర్దేశించిన చోటికి తేవాలి. ఆ తర్వాతే రెండోదాని దగ్గరకు వెళ్లాలి. ముందుదాన్ని వదిలి చివరిదాన్ని తిప్పడం, పునాది వంగిన గోడకు పైన సున్నం పూసినట్టే.

అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెరపై చుక్కలు కనిపించేవి, జబ్బు ముందే తెలిసేది. 2012లో మహానగరాలతో మొదలై దశలవారీగా దేశమంతా వచ్చిన డిజిటల్ కేబుల్ అలా కాదు. లోపాలను తనే దిద్దుకుంటూ చివరిదాకా చక్కని బొమ్మే చూపిస్తుంది. హద్దు దాటిందా, ఒక్కసారిగా ఆగిపోతుంది. కాబట్టి బొమ్మ బాగుందంటే సిగ్నల్ బాగున్నట్టు కాదు. హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో చెప్పగలిగేది మీటరు ఒక్కటే.

మన ఎండలు ఈ దూరాన్ని ఇంకా తగ్గిస్తాయి. వేడి ఒక డిగ్రీ పెరిగితే తీగలో డెసిబెళ్ల నష్టం దాదాపు 0.2 శాతం పెరుగుతుంది. చలికాలపు 20 డిగ్రీల నుంచి మే నెల 45 డిగ్రీలకు వస్తే 5 శాతం. వరుసగా ఉన్న తీగలన్నిటిలో కలిపి 100 డెసిబెళ్ల నష్టం ఉంటే మరో 5 డెసిబెళ్లు అదనంగా పోతాయి. ఉదయం బాగున్న టీవీ మధ్యాహ్నం మొరాయించడానికి ఇదీ ఒక కారణం.

కేబుల్ నెట్‌వర్క్‌ల పరికరాలు భారతీయ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలని 1995 నాటి చట్టంలోనే ఉంది. పరికరం ప్రమాణబద్ధమైనంత మాత్రాన సరిపోదు. దాన్ని ఏ స్థాయిలో నడుపుతున్నామన్నదే అసలు విషయం. ప్రతి యాంప్లిఫయర్ దగ్గర నిర్దేశిత స్థాయిలు, చివరిగా కొలిచిన తేదీ రాసి ఉంచడం తప్పనిసరి చేయాలని నా అభిప్రాయం.

చిన్న ఆపరేటర్లకు మీటర్లు భారమే, కాదనను. నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవచ్చు, దాన్ని వాడటం నేర్పే బాధ్యత వారికి ఛానళ్లు అందించే పెద్ద సంస్థలు తీసుకోవచ్చు. కొలతలేని మరమ్మతుకు మళ్లీ మళ్లీ స్తంభం ఎక్కే ఖర్చు దీనికంటే తక్కువేమీ కాదు.

మన వంతు పని ఒకటుంది. చాలా సెట్‌టాప్ బాక్సుల మెనూలో సిగ్నల్ బలం, నాణ్యత చూపే పేజీ ఉంటుంది. బొమ్మ బాగున్న రోజున ఆ అంకెలు రాసి పెట్టుకోండి. ఈసారి ఫోన్ చేసినప్పుడు “బొమ్మ రావడం లేదు” అనే బదులు, ఏ ఛానల్లో ఏ అంకె ఎంత పడిపోయిందో చెప్పండి.