పక్క సీటువాళ్ళు నేర్పే చదువు

కొత్త మందు బజార్లోకి రావాలంటే ముందు మనుషుల మీద పరీక్షించాలి. వాటినే క్లినికల్ ట్రయల్స్ అంటారని మీకు తెలిసిందే. పేపర్లో ఫొటో పెద్ద డాక్టరుగారిది పడుతుంది గానీ, రోజూ బండి లాగేది స్టడీ కోఆర్డినేటర్లూ, రీసెర్చి నర్సులూ. చాలాచోట్ల పేషెంటు పక్కన కూర్చుని విషయం విడమర్చి చెప్పేది వాళ్ళే. ఏ రోజు ఏ రక్తపరీక్ష ఉందో చూసుకునేదీ, మందు పెట్టిన ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రాసుకునేదీ వాళ్ళే.

వీళ్ళకి పని ఎవరు నేర్పాలి? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అదే పని చేస్తున్న తోటివాళ్ళే నేర్పాలి. ఆన్‌లైన్ కోర్సుకి ఇచ్చే గుర్తింపు, కోఆర్డినేటర్లు కోఆర్డినేటర్ల కోసం నడుపుకునే వర్క్‌షాపుకీ ఇవ్వాలి. అది కూడా లంచ్ టైములో కాదు, పనిగంటల్లో, జీతంతో.

సాఫ్ట్‌వేరువాడివి నీకెందుకయ్యా అంటారా? ఈ ట్రయల్స్ డేటా ఎక్కించే సిస్టములు అమర్చడం నా కన్సల్టింగు పనిలో ఒక భాగం. అలా అమెరికన్ ఆస్పత్రుల్లో వీళ్ళ పక్కన కూర్చునే అవకాశం దొరికింది.

అసలు ఈ సర్టిఫికెట్ల సంగతి ఎక్కడ మొదలైందో చూడండి. 1999 సెప్టెంబరులో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో జరిగిన ఒక జీన్ థెరపీ ట్రయల్‌లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ కుర్రాడు చనిపోయాడు. ఆ మరణం మీద దేశమంతా చర్చ నడుస్తుండగా, 2000 అక్టోబరు నుంచి తన నిధులతో మనుషుల మీద పరిశోధన చేసే ముఖ్యమైన సిబ్బంది అందరూ వాళ్ళ రక్షణ గురించి చదువుకుని తీరాలని ఎన్ఐహెచ్ నియమం పెట్టింది. 2017 జనవరి నుంచి ట్రయల్స్ నడిపేవాళ్ళకి గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ ట్రైనింగు కూడా ఉండాలనీ, మూడేళ్ళకోసారి దాన్ని తాజా చేసుకోవాలనీ చెప్పింది. ఉద్దేశం మంచిదే, కాదనలేం. కానీ ఆచరణలో అది చాలామందికి ఏమైందంటే, స్లైడు తర్వాత స్లైడు నొక్కుకుంటూ పోవడం, చివర్లో క్విజ్జు, ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్టు. ఫైల్లో పెట్టేస్తే సరి.

ఆ స్లైడ్లు రూలు చెప్తాయి. రూలు పాటించే ఒడుపు చెప్పవు. ఉదాహరణకి, కాగితం మీద తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు, పాత అంకె కనబడేలా ఒక్క గీత గీసి, పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ వెయ్యాలి. ఇది స్లైడులో ఉంటుంది. కానీ బీపీ అంకె నిన్న రాయడం మర్చిపోయారనుకోండి, ఇవాళ నిన్నటి తేదీ వేసి రాసేద్దామన్న ఆశ పుడుతుంది చూడండి, అప్పుడేం చెయ్యాలి? "నిన్న తీశాం, ఇవాళ రాస్తున్నాం, ఇదీ కారణం" అని ఇవాళ్టి తేదీతోనే రాస్తే ప్రళయమేమీ రాదని, తనిఖీకి వచ్చేవాళ్ళు దాన్ని అర్థం చేసుకుంటారని ధైర్యం చెప్పగలిగేది అలా రాసి నిలబడ్డ పక్క సీటావిడే.

ఇంకోటి చెప్తాను. ట్రయల్‌లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు అన్నది కంప్యూటరు నిర్ణయిస్తుంది. దీన్ని మన ఊళ్ళో పెద్దాయనకి ఎలా చెప్తారు? "లాటరీ లాంటిదండీ" అనడం తేలిక. కానీ లాటరీ అనగానే తగిలితే అదృష్టం అనుకుంటాం. కొత్త మందు రావడమే అదృష్టమన్నట్టు ఆయన బుర్రలో పడిపోతుంది. ఏది మంచిదో తెలియకే కదా ట్రయల్ పెట్టింది! "బొమ్మా బొరుసా వేసినట్టు" అంటే, ఏది పడినా గెలుపూ కాదు, ఓటమీ కాదు అని చెప్పడానికి వీలుంటుంది. ఒక్క మాట తేడా. ఈ తేడా పదిమంది పేషెంట్ల మొహాలు చూసినవాళ్ళకి తెలుస్తుంది. ఎడిసన్‌లో ఉండే కొడుకు వాళ్ళమ్మకి నాలుగు పేజీల ఇంగ్లీషుని "అంతా ఓకేనమ్మా, సంతకం పెట్టు" అని అనువాదం చేస్తే, అక్కడ ఆగి దుబాసీని పిలిపించాలని కూడా వాళ్ళకే తడుతుంది.

సంతకం మాటెత్తితే ఖమ్మం గుర్తు రాక మానదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. నిర్వాహకులు దాన్ని ట్రయల్ అనలేదు, ప్రదర్శక ప్రాజెక్టు అన్నారు. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. అమ్మాయిల మరణాలకి టీకా కారణం కాదని విచారణ తేల్చింది గానీ, అనుమతి తీసుకున్న తీరుని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుబట్టింది. ఆ నివేదిక ప్రకారం 9,543 ఫారాల్లో 2,763 వాటి మీద ఉన్నవి హాస్టలు వార్డెన్ల సంతకాలు. నా సిస్టములో అయితే ఆ గడి ఖాళీగా లేదు కాబట్టి పచ్చ టిక్కు పడుతుంది. తల్లిదండ్రులకి విషయం తెలుసా అన్న ప్రశ్నకి మాత్రం ఆ టిక్కు జవాబు కాదు.

తోటివాళ్ళ వర్క్‌షాపు ఉంటే అది జరిగేది కాదని నేననను. అది పైనుంచి వచ్చిన తప్పు. కానీ "ఇలా సంతకం తీసుకోవచ్చా?" అని కింద పనిచేసే నర్సుకి అనుమానం వస్తే అడగడానికి ఒక చోటుండాలి కదా. బాసు ముందు అడగలేరు. ఆన్‌లైన్ క్విజ్జుని అసలే అడగలేరు.

దీనికి ఎదురుమాట కూడా ఉంది, సబబైనదే. తోటివాళ్ళు తప్పులు కూడా నేర్పుతారు. "ఇక్కడ మేమింతే చేస్తాం" అన్నది అంటురోగం లాంటిది. అందుకే మూడు కట్టుబాట్లు ఉండాలి. నిజంగా ఎదురైన చిక్కునే, పేషెంటు వివరాలు తీసేసి, చర్చకి పెట్టాలి. బల్లమీద ప్రోటోకాలు, రూలు పుస్తకం తెరిచి ఉండాలి. తేలని ప్రశ్నని రాసుకుని ఎథిక్స్ కమిటీకి పంపి, వచ్చిన జవాబు మళ్ళీ అందరికీ చదవాలి. మా సాఫ్ట్‌వేరులో కోడ్ రివ్యూ నడిచేది ఇలాగే. రాసినవాణ్ణి వదిలేసి, రాసినదాన్ని చూస్తాం.

రూల్సు అడ్డొస్తాయా అంటే అదీ లేదు. 2025 జనవరిలో ఖరారైన ఐసీహెచ్ మార్గదర్శకాల కొత్త కూర్పు కూడా, ఎవరికి ఏ పని అప్పగించారో దానికి తగిన ట్రైనింగు ఉండాలనే అంటుంది. మౌసుతోనే నేర్చుకోవాలని ఎక్కడా లేదు. అమెరికాలో సోక్రా, ఏసీఆర్‌పీ లాంటి సంఘాల శాఖల్లో కోఆర్డినేటర్లు ఒకరికొకరు పాఠాలు చెప్పుకోవడం ఎప్పట్నించో ఉంది. ఆస్పత్రులు చెయ్యాల్సిందల్లా నెలకో రెండు గంటలు కేటాయించి, హాజరు రాసుకుని, ట్రైనింగు ఫైల్లో దానికో పేజీ ఇవ్వడం.

హైదరాబాదులో, విశాఖలో ఈ ఉద్యోగాల్లో మన ఫార్మసీ పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. వాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పైవాళ్ళు పెడతారని ఎదురుచూడొద్దు. నలుగురు కూర్చుని ఈ నెలలో మిమ్మల్ని తికమక పెట్టిన ఒక్క కేసు మాట్లాడుకోండి. రెండోసారికి అయిదో మనిషి తనంతట తనే వస్తాడు.