డబ్బాకి డబ్బుంది, డాక్టరుకి లేదా?

"రోజుకి 800 కేలరీలేనట, మూడు నెలల్లో పదిహేను కిలోలు తగ్గిందట!" పేరంటానికి వెళ్ళినా, వాట్సాప్ తెరిచినా ఈ మధ్య ఇదే మాట. ఆ డైట్ అబద్ధమని నేననను. బాగా బరువుండి, షుగరు కూడా ఉన్నవాళ్ళకి అది నిజంగానే పనిచేస్తుంది. కానీ మన ఇళ్ళకి చేరేది అందులో సగం మాటే.

బ్రిటన్‌లో డైరెక్ట్ అనే అధ్యయనం చేశారు. తొలి ఫలితాలు 2017లో వచ్చాయి. షుగరు బయటపడి ఆరేళ్ళు దాటనివాళ్ళకి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకి 825 నుంచి 853 కేలరీల ద్రవాహారమే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగరు అదుపులోకి వచ్చింది. రెండేళ్ళకి అది 36 శాతమైంది.

మనం వదిలేసే సగం ఇదీ: ఇన్సులిన్ వాడేవాళ్ళని అందులో చేర్చుకోనేలేదు. షుగరు, బీపీ మాత్రలు మొదటిరోజే ఆపించి, పరీక్షలు చేస్తూ వచ్చారు. మళ్ళీ మామూలు తిండికి తేవడానికి రెండు నుంచి ఎనిమిది వారాలు తీసుకున్నారు. లంఖణాల తర్వాత మన అమ్మమ్మలు పథ్యం పెట్టేవారే, అలాగన్నమాట.

ఇక్కడేమో పొద్దున్నే షుగరు మాత్ర వేసుకుని, తిండి మానేసి, ఇంటిల్లిపాదికీ వండి వార్చడం! పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు. ఆ మాత్రతో షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. అలాగని మాత్రలు మనంతట మనం మానేయడమూ ప్రమాదమే. గబగబా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు, పొటాషియం తగ్గితే గుండె లయ తప్పొచ్చు. 1970లలో అమెరికాలో ద్రవ ప్రొటీన్ డైట్లు చేసి పదులమంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే.

నాకు తెలిసిన ఒకావిడ పొడి డబ్బాకి నెలకి వేలు పోస్తోంది. రక్తపరీక్ష చేయించుకుంటానంటే మాత్రం ఇంట్లో, "కార్తీక మాసమంతా ఉపవాసాలుంటావుగా, నీకేం కాదులే" అన్నారట. నాకు కోపం తెప్పించేది ఈ మాటే. ఉపవాసం ఒక్కపూట, రాత్రికి నక్షత్రం చూసి తింటాం. ఇది నెలల తరబడి చేసే వైద్యం. మగవాళ్ళకి ఛాతీలో కాస్త మంటపుడితే ఇసీజీ తీయిస్తాం. మనకైతే డాక్టరు ఫీజు దండగా?

కాబట్టి ఎవరైనా 800 కేలరీలంటే మూడు ప్రశ్నలడగండి. ఏ డాక్టరు చూస్తున్నారు? మందులు ఏవి, ఎంత మార్చారు? మామూలు తిండికి ఎప్పుడు, ఎలా తెస్తారు? జవాబు లేకపోతే ఆ డైట్ మీ ఇంటి గడప తొక్కనివ్వకండి. జవాబుంటే హాయిగా మొదలుపెట్టండి. ఆ మూడు నెలలూ వంట మాత్రం ఇంకెవరైనా చేస్తారని ముందే ఒప్పించుకోండి.