పోయినేటి కళ్ళజోడు

జూన్ నెలాఖరు వచ్చిందంటే మా క్లబ్బు వాట్సాప్ గ్రూపులో చీర రంగు మీద చర్చ మొదలవుతుంది. జూలైలో కొత్త ప్రెసిడెంటు ప్రమాణ స్వీకారం కదా, అందరం ఒకే రంగు కట్టుకోవాలి. పోయిన జూన్‌లో నెమలికంఠమా, వంగపండా అని మేం తేల్చుకోలేక సతమతమవుతుంటే, మా అమ్మాయి నా ఫోన్‌లోకి తొంగి చూసి, "అమ్మా, ఈ ఏడాది మీ సిలబస్ ఏంటి? మొక్కలా, కళ్ళజోళ్ళా, కుట్టుమిషన్లా?" అంది. నవ్వేశాను గానీ ఆ సిలబస్ అన్న మాట మాత్రం గుచ్చుకుంది.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. రోటరీ అయినా, లయన్స్ అయినా, వాటిని చూసి పెట్టుకున్న మా ఆడవాళ్ళ క్లబ్బులైనా, లెక్కంతా జూలై 1 నుంచి జూన్ 30 వరకే. ప్రెసిడెంటు పదవి ఒక్క ఏడాదే. మంచి పద్ధతేనండీ. ఒకరే కుర్చీలో పాతుకుపోరు, మైకు పట్టుకుంటే కాళ్ళు వణికే వాళ్ళకు కూడా ఓ అవకాశం వస్తుంది. చిక్కు ఎక్కడంటే, వచ్చిన ప్రతి ఆవిడకీ తన పేరు మీద ఒక కొత్త పని ఉండాలి. పాతది పట్టుకుంటే అది ముందావిడ ఖాతాలో పడిపోతుందేమోనని ఓ బెంగ. అందుకని ప్రతి జూలైలోనూ పలక తుడిచి మళ్ళీ ఓనమాలు దిద్దుతాం.

మూడేళ్ళ కిందట మేం ఊరి శివారు కోల్డ్ స్టోరేజీల దగ్గర కళ్ళ పరీక్షలు పెట్టాం. గుంటూరు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, మిర్చి సీజన్లో అక్కడ ఎంతమంది ఆడవాళ్ళు కాయల కుప్పల చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తుంటారో. తీసిన కిలోల లెక్కనే కూలి. తొడిమ తీయడమే కాదు, తాలు కాయ కనపడితే పక్కన పడెయ్యాలి. నలభై దాటాక ఎవరికైనా చత్వారం వస్తుంది. మనకైతే సూదిలో దారం ఎక్కకపోతే ఇంట్లో పిల్లల్ని పిలుస్తాం. వాళ్ళకు కాయ కళ్ళకు ఆనకపోతే చెయ్యి నెమ్మదిస్తుంది, చెయ్యి నెమ్మదిస్తే ఆ సాయంత్రం కూలి తగ్గుతుంది. ఆ రోజు 60 మందికి పైగా చత్వారపు కళ్ళజోళ్ళు ఇచ్చాం. బ్యానరు కట్టాం, ఫొటోలు దిగాం, పేపర్లో కూడా చిన్నగా పడింది. ఆ ఘాటుకి మా సగం మంది తుమ్ముతూనే ఫొటోల్లో ఉన్నాం, అది వేరే సంగతి.

తర్వాతి సీజన్లో అదే పక్కకు మొక్కలు నాటడానికి వెళ్ళాం. అది ఆ ఏటి సిలబస్. ఓ పెద్దావిడ నన్ను గుర్తుపట్టి దగ్గరకొచ్చింది. ఆమె కళ్ళజోడుకి చెవికి తగిలించుకునే పుల్ల ఒకటి ఊడిపోతే పురికొస కట్టుకుంది. మిరప దుమ్ము కొంగుతో తుడిచీ తుడిచీ అద్దాలు పొగచూరినట్టున్నాయి.

"పోయినేడు మీరిచ్చిందేనమ్మా. మళ్ళా ఎప్పుడొస్తారు? మా చెల్లెలిక్కూడా కావాలంట" అంది.

అడిగి చెప్తానన్నాను. మా కొత్త ప్రెసిడెంటును అడిగితే, "అది పోయినేటి ప్రాజెక్టు కదండీ, రిపోర్టు కూడా పంపేశాం" అంది. ఆవిడ చెడ్డది కాదు. మంచి మనిషి, చేతి నుంచి డబ్బు తీసి పెట్టే మనిషి. కానీ ఆ ఒక్క మాటలో మా క్లబ్బు జబ్బంతా ఉంది. మా దృష్టిలో ఆ పని అయిపోయింది. ఆ పెద్దావిడ కళ్ళకు మాత్రం ఏడాదేడాదికీ పవరు పెరుగుతూనే ఉంటుంది కదా.

నేనేదో వేరుగా ఉన్నానని అనుకోకండి. నేను సెక్రటరీగా ఉన్న ఏడాది, అంతకు ముందేడు మేమే ఇచ్చిన ఆరు కుట్టుమిషన్లు ఏమయ్యాయని ఒక్కసారి కూడా అడగలేదు. వాటిలో ఒక మిషను తీసుకున్న అమ్మాయి తర్వాతెప్పుడో బజార్లో కనిపించి, బెల్టు తెగితే మంచం కింద పెట్టేశానని చెప్పింది. ఒక్క బెల్టండీ! అప్పుడే వెళ్ళి అడిగి ఉంటే, మా ప్రమాణ స్వీకారం రోజు దండకైన ఖర్చులో అది వచ్చేది.

నా అభిప్రాయం ఇదీ. ప్రెసిడెంటు ఏటా మారనివ్వండి, పని మాత్రం మూడేళ్ళ పాటు మారకూడదు. ఒక పని మొదలుపెడితే ఇద్దరు సభ్యులు దానికి అంటిపెట్టుకుని ఉండాలి, ఏ ప్రెసిడెంటు వచ్చినా సరే. రిపోర్టులో ఎంతమందికి ఇచ్చాం అన్న గడి పక్కన, ఎంతమంది దగ్గరకు మళ్ళీ వెళ్ళాం అన్న గడి కూడా ఉండాలి.

ఈ మాట మీటింగులో అంటే, ప్రతి ఏడూ అదే పనైతే సభ్యులకు విసుగొస్తుంది, దాతలు కూడా కొత్తదనం అడుగుతారు అన్నారు. దాతల సంగతి నిజమే, కాదనను. కానీ విసుగు సంగతి మన దగ్గరా చెప్పేది? పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ అదే పొయ్యి, అదే పప్పు, అవే గిన్నెలు. పోయినేడు వండాం కదా, ఈ ఏడాది వేరే ప్రాజెక్టు చేద్దామని ఏ ఇల్లాలైనా అంటుందా? చేసిందే చెయ్యడం మన వాళ్ళందరికీ చేతనైన విద్య. గుమ్మం దాటి క్లబ్బు బ్యాడ్జీ పెట్టుకోగానే దాన్ని చిన్నతనంగా ఎందుకు చూస్తామో నాకర్థం కాదు.

ఆ మాటకొస్తే ఈ క్లబ్బులకు ఇంత పేరొచ్చింది కూడా పట్టిన పని వదలకపోవడం వల్లనే. రోటరీ వాళ్ళు 1985లో పోలియో పని భుజానికెత్తుకున్నారు. మన దేశంలో పల్స్ పోలియో 1995లో మొదలైంది. మా పెద్దాడిని చంకనేసుకుని చుక్కలకు తీసుకెళ్ళడం, చిటికెన వేలికి పెట్టిన మసి గుర్తు వాడు రోజంతా అందరికీ చూపించుకోవడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మన దేశంలో ఆఖరి కేసు 2011 జనవరిలో, పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది 2014 మార్చిలో. రోటరీ ఒక్కటే చేసిందని అనడం లేదు. సర్కారు, అంగన్‌వాడీ టీచర్లు, ఇల్లిల్లూ తిరిగిన ఆశా కార్యకర్తలు అందరి కష్టమూ ఉంది. కానీ 1985 నుంచి 2011 దాకా ప్రతి క్లబ్బులోనూ పాతిక మందికి పైగా ప్రెసిడెంట్లు మారి ఉంటారు. వాళ్ళలో ప్రతి ఒక్కరూ అది ముందాయన ప్రాజెక్టు అని పక్కన పెట్టేసి ఉంటే? లయన్స్ వాళ్ళూ అంతే. 1925లో హెలెన్ కెల్లర్ వచ్చి చూపు లేనివాళ్ళ కోసం నిలబడమని అడిగితే, ఈ రోజుకీ కంటి పని వదల్లేదు.

అంత దూరం ఎందుకు, ఉన్నవ లక్ష్మీబాయమ్మ గారు, లక్ష్మీనారాయణ గారు మన గుంటూరులోనే 1922లో శారదానికేతనం పెట్టారు, ఆడపిల్లలకు చదువూ చేతిపనీ నేర్పడానికి. ఒక్క ఏడాది నేర్పి దండ వేయించుకుని ఊరుకుని ఉంటే, వందేళ్ళ తర్వాత మనం ఆ పేరు తలుచుకునే వాళ్ళమా?

ఇంట్లో వాళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా అత్తయ్యకు నా క్లబ్బు మొదట్నుంచీ గిట్టదు. "పట్టుచీర కట్టుకుని బీదవాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఏం సేవమ్మాయ్?" అనేది. కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడ మాటలో సగమన్నా నిజముంది. ఆ పెద్దావిడ అడిగిన తర్వాత మేం నలుగురం కలిసి, క్లబ్బుతో సంబంధం లేకుండా నెలకో ఆదివారం వెళ్తున్నాం. కాటన్ చీరలే. ఊడిన పుల్లలకు మరలు బిగించడం మా వారు నేర్చుకున్నారు. చిన్న స్క్రూడ్రైవరు పట్టుకుని, నాకన్నా ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడుతున్నారు. శుక్లాలు వచ్చాయని అనుమానం ఉన్నవాళ్ళను పెదకాకాని శంకర కంటి ఆసుపత్రికి వెంటపెట్టుకుని వెళ్తున్నాం. ఆపరేషన్ ఉచితమే. ఆ రోజు కూలీ పోతుంది, తోడు వచ్చిన కూతురి కూలీ కూడా పోతుంది, ఆపైన వారాల తరబడి చుక్కలు ఎవరు వేస్తారన్న బెంగ. అసలు పని అక్కడుంది. దానికి ఫొటో రాదు.

ఇందాకటి పెద్దావిడ చెల్లెలికి ప్లస్ రెండు పవరు సరిపోయింది. ఆవిడ పేరు మా నోటు పుస్తకంలో పద్దెనిమిదోది. పోయిన నెల వెళ్ళినప్పుడు ఆవిడ లేదు, కొల్లిపర పక్క పసుపు పనికి పోయిందన్నారు. పేరు పక్కన 'మళ్ళీ అడగాలి' అని రాసుకున్నాను.

కొత్త ప్రెసిడెంటు కాబోయే ఆవిడకు ఆ పుస్తకం చూపించాను. "బాగుందండీ, చూద్దాం" అంది. చీర రంగు మాత్రం వంగపండు అని ఖాయమైంది.