మన నంబరు ఎవరి సొత్తు?

కొత్తవలస చుట్టుపక్కల రైతు ఫోన్‌లో ఇప్పుడు లేఅవుట్ల మెసేజీలే ఎక్కువ. విత్తనాల కొట్లో బిల్లు కోసం చెప్పిన నంబరు ఎన్ని చేతులు మారుతుందో ఎవరికీ తెలీదు. ఆ గుంపులో పడి వాన హెచ్చరిక, ధాన్యం డబ్బుల సమాచారం చూడకుండానే పోతున్నాయి.

చట్టం ఉంది. ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం ప్రచార మెసేజీలు పంపేవారు ముందు టెలికాం సంస్థల దగ్గర నమోదు కావాలి. వద్దన్నవారికి పంపకూడదు. బిల్లుకి నంబరు ఇవ్వడం అంటే ప్రకటనలకు ఒప్పుకోవడం కాదు. 1909కి ఫోన్ చేసి అన్నీ ఆపించుకోవచ్చు, రియల్ ఎస్టేట్ ఒక్కటే ఆపించుకోవచ్చు. చిత్రమేమిటంటే ఆ జాబితాలో బ్యాంకులకు, పర్యాటకానికి పద్దులున్నాయి గానీ విత్తనాలు, పురుగుమందులకు విడిగా లేదు. రైతు చేతిలో కూడా ఫోన్ ఉంటుందని రాసినవారికి తోచలేదు కాబోలు! ఆ పద్దు చేర్చాలని మేం కోరుతున్నాం.

2025 ఫిబ్రవరి సవరణతో ఫిర్యాదు గడువు 3 రోజుల నుంచి 7 రోజులకు పెరిగింది. నమోదు లేని నంబరు మీద 10 రోజుల్లో 5 ఫిర్యాదులు అందితే టెలికాం సంస్థ చర్య తీసుకోవాలి. ఐదుగురు అంటే ఒక్క వీధి చాలు. మెసేజీ చెరిపేయకుండా, వచ్చిన తేదీ, నంబరుతో 1909కి చెప్పండి.

మన వైపూ చూసుకోవాలి. మామిడి, జీడిపిక్కలు అమ్ముకోవడానికి రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఎవరో కుర్రాడి సిమ్ నుంచి వందల మందికి మెసేజీలు కొట్టిస్తే అదీ తప్పే. సరుకు మంచిదా కాదా అని చట్టం చూడదు. మొదటిసారి 15 రోజులు అవుట్‌గోయింగ్ ఆపేస్తారు. మళ్లీ చేస్తే ఏడాదిపాటు అన్ని కంపెనీల్లోనూ కనెక్షన్లు పోతాయి. బ్యాంకు ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే అయితే ఆ కుర్రాడి గతేమిటి? అమ్మకం మెసేజీలు పంపదలచిన సంఘం తన పేరు మీద నమోదు చేయించుకోవాలి, కొనేవారి ఒప్పుదల ముందే తీసుకోవాలి.

వాట్సాప్ ఈ నిబంధనల కిందికి రాదు. పీఎం కిసాన్ పేరుతో అక్కడికి వచ్చే ఏపీకే ఫైళ్లు తెరవొద్దు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట. సభ్యుల నంబర్లు రాసుకున్న పుస్తకాన్ని ఏ గ్రామ శాఖా ఏ డీలరుకీ, ఏ లేఅవుటు ఏజెంటుకీ ఇవ్వరాదు. చందా ఇస్తామన్నా సరే.