బరువు బుల్లెట్ కిందికే తగులుతుందా?

బుల్లెట్ బరువు పెరిగితే దెబ్బ కిందికి, తగ్గితే పైకి: షూటింగ్ రేంజుల్లో ఇది వేదవాక్కుగా చలామణీ అవుతోంది. రైఫిల్ కొత్తగా పట్టినవాళ్లకు మొదట నూరిపోసేదీ ఇదే. బరువు, పొడవు, వేగం కొట్టగానే లెక్క చెప్పే ఫోన్ యాప్‌లు వచ్చాక ఈ మూఢనమ్మకం మరింత ముదిరింది.

భూమ్యాకర్షణకు బరువుల తేడా లేదు. బుల్లెట్ గాలిలో ఎంతసేపు ఉంటే అంత దిగుతుంది. .308 కాలిబర్‌లో 150 గ్రెయిన్ల (9.7 గ్రాముల) బుల్లెట్ సెకనుకు సుమారు 860 మీటర్ల వేగంతో వెళ్తే, 180 గ్రెయిన్లది 800 మీటర్లతో వెళ్తుంది. 100 గజాల దగ్గర దీనివల్ల వచ్చే తేడా దాదాపు ఒక సెంటీమీటరు. అదే దూరంలో బుల్లెట్ మార్చితే కాగితం మీద రంధ్రాలు అంతకు మించి జరగడం, ఒక్కోసారి పక్కకు పోవడం షూటర్లందరూ చూసేదే. భూమి దేన్నీ పక్కకు లాగదు.

అసలు కారణం బ్యారెల్. బుల్లెట్ ఇంకా లోపల ఉండగానే తుపాకీ వెనక్కి తన్నడం మొదలవుతుంది, మూతి లేస్తుంది, ఉక్కు గొట్టం కొరడాలా అదురుతుంది. బరువైన బుల్లెట్ నెమ్మదిగా కదిలి, కొంచెం ఆలస్యంగా బయటపడుతుంది. ఆ క్షణాన మూతి ఎటు చూస్తుంటే అటే దాని దారి. రివాల్వర్‌లో ఇది స్పష్టం: దగ్గర దూరంలో బరువు బుల్లెట్టే పైన తగులుతుంది. రైఫిల్‌లో ఏ బ్యారెల్ తీరు దానిదే.

దీనికి తిరుగులేని సాక్ష్యం జంట గొట్టాల వేట రైఫిల్. కాల్చినప్పుడు కుడి గొట్టం కుడికీ, ఎడమది ఎడమకీ తిరుగుతాయి. అందుకే తయారీదారు ఆ గొట్టాలను ముందువైపు కాస్త దగ్గరచేసి, ఒకే బరువు బుల్లెట్, ఒకే మందు మోతాదుతో కాల్చి చూస్తూ, రెండు బుల్లెట్లూ ఒకేచోట పడేదాకా మధ్య చీలను సరిచేసి అతుకుతాడు. తూటా మారి బుల్లెట్ త్వరగా బయటపడితే కుడి గొట్టం దెబ్బ ఎడమకు పోతుంది, ఆలస్యమైతే రెండూ దూరమవుతాయి. ఇంత కళ్లెదుటి సంగతిని పక్కనపెట్టి బరువు-పతనం పాఠమే వల్లించడం బోధన కాదు, బద్ధకం.

దూరం పెరిగితే వేగం, గాలి నిరోధం పైచేయి అవుతాయి. అక్కడ యాప్ పనికొస్తుంది. కానీ దాని లెక్క బుల్లెట్ మూతి దాటాకే మొదలవుతుంది.

బుల్లెట్ బరువు మారిస్తే పాత గురిని నమ్మవద్దు. అదే రైఫిల్‌తో, ఆ కొత్త తూటాతో, కాగితం మీద మళ్లీ కాల్చి సైట్ సరిచేసుకోండి.