పలాసకు ఈడూ జోడూ

ఓడరేవు మాట వినిపించిన ప్రతిసారీ శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన ఊళ్లను కలిపే ముచ్చట మళ్లీ మొదలవుతుంది. 2023 ఏప్రిల్‌లో సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది మొదలు, పలాసనూ టెక్కలినీ, నడుమనున్న నందిగాంతో సహా ఒక్కటి చేస్తే జాతీయ రహదారి పొడవునా ఓ మహానగరం మొలుస్తుందని లెక్కలు కట్టేవారికి కొదవ లేదు. పటంలో పక్కపక్కనున్నవన్నీ ఈడూ జోడూ అయ్యేటట్లయితే పెళ్లిళ్ల పేరయ్యలకు పనే ఉండేది కాదు.

విలీనం, అంటే వేర్వేరు స్థానిక సంస్థలను రద్దుచేసి ఒకే పాలకవర్గం కిందికి తేవడం, ఒక ఊరిలో లేనిది రెండో ఊరిలో ఉన్నప్పుడే నిలుస్తుంది. కొండ మీద కోటతో ఉన్న బుడా, మైదానంలో వర్తకంతో ఎదిగిన పెస్ట్, వాటితోపాటు ఓబుడా 1873లో బుడాపెస్ట్‌గా ఏకమయ్యాయి. అయితే బుడా, పెస్ట్‌ల మధ్య డాన్యూబ్ నదిపై గొలుసు వంతెన 1849లోనే తెరుచుకున్నదన్న సంగతిని విలీనవాదులు చెప్పరు. అక్కడ ముందు రాకపోకలు కుదిరాయి, పేరు పాతికేళ్లకు వచ్చింది. పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం కథ కూడా కొంత అటువంటిదే: రైలెక్కేవారు పలాస అంటారు, బజారుకు వెళ్లేవారు కాశీబుగ్గ అంటారు, రెండింటి నడుమ పొలిమేర ఎక్కడో చెప్పమంటే స్థానికులే తడుముకుంటారు. అక్కడ కాగితం చేసిన పని తక్కువ.

మరి పలాసకు నిజమైన జోడీ టెక్కలి కాదు, జీడి, కొబ్బరి తోటల సీమ ఉద్దానం. వజ్రపుకొత్తూరు, మందస తోటల్లో రాలిన జీడిపిక్కే పలాసను పలాసగా నిలబెట్టింది. పిక్కను కాల్చడం లేదా ఉడికించడం, పగలగొట్టడం, పప్పు మీది పొర తీయడం, గుండు, బద్ద, ముక్క అని వేరుచేయడం వంటి పనుల్లో ఎక్కువభాగం ఆడవారి చేతుల మీదుగా సాగుతుంది. వర్తకులు 320 రకం అనేది పౌను బరువుకు సుమారు 320 గుండ్లు తూగే పప్పును, ఆ సంఖ్య తగ్గేకొద్దీ గుండు పెద్దదవుతుంది, ధర పెరుగుతుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటి జీడితోటలనూ కొబ్బరినీ నేలకూల్చినప్పుడు ఉద్దానానికి తగిలిన దెబ్బ పలాస కార్ఖానాలకూ తగిలింది. అయినా ఆఫ్రికా పిక్క దిగుమతి అవుతుంది గనుక కార్ఖానాకు మరో దారి ఉంది, ఉద్దానం రైతుకు లేదు. జోడీలో ఒకరికే దారి ఉండటం గురించి విలీనవాదులు మాట్లాడితే బాగుండును. ఉద్దానం కిడ్నీ వ్యాధిగ్రస్తుల కోసం 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభమైన 200 పడకల ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానం పల్లెలకు వంశధార నీటిని మోసుకువచ్చే సుమారు 700 కోట్ల రూపాయల పథకం, ఏ పంచాయతీ పేరూ చెరపకుండానే పట్టణాన్నీ పల్లెనూ కలిపాయి. విలీనమంటే అది.

టెక్కలి సంబంధం వేరే వైపున ఉంది. ఉప్పుకొఠార్ల నౌపడ, అక్కడి నుంచి 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన రైలుమార్గం, తీరాన మూలపేట, ఇవి మూడూ టెక్కలికి సహజమైన పొత్తు. ఓడరేవు నిజంగా ఊపందుకుంటే నగరం అటే పెరుగుతుంది గాని పలాస వైపు కాదు.

తొందరపాటు విలీనాలకు జిల్లా కేంద్రమే సాక్ష్యం. చుట్టుపక్కల పంచాయతీలను కలుపుకొని శ్రీకాకుళం 2015లో నగరపాలక సంస్థ అయింది. 2021 మార్చిలో పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం ఓటర్లు తమ పాలకవర్గాలను ఎన్నుకుంటుంటే శ్రీకాకుళం నగరవాసులు ప్రత్యేకాధికారి పాలనలోనే ఉండిపోయారు. దేశంలోని పాత పురపాలక సంఘాల్లో ఒకటైన భీమునిపట్నం 2013లో విశాఖ మహానగరంలో కలిసి తన సొంత పాలకవర్గాన్ని పోగొట్టుకుంది. ఉపాధి హామీ పని గ్రామీణ ప్రాంతాలకే పరిమితం గనుక, మందస పల్లె ఒకటి పట్టణంలో కలిసిన మర్నాడు అక్కడి కూలీకి ఆ పని పోతుంది, పట్టణపు ఇంటి పన్ను మాత్రం వస్తుంది.

ఇంతకూ కలపవలసినది కళ్లముందే ఉండగా ఎవరికీ పట్టదు. హౌరా-చెన్నై మార్గంలో పలాస దాటి ఇచ్ఛాపురం వరకూ ఉన్న పట్టాలు ఆంధ్ర నేల మీదే ఉన్నా, రైల్వే లెక్కల్లో అవి ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్‌వి. డివిజన్ అంటే రైళ్ల నిర్వహణ, స్టేషన్ల బాగోగులు చూసే పాలనా విభాగం. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లో ప్రకటించినా, 2025 ఫిబ్రవరిలో డివిజన్ల హద్దులను తిరగరాసినా, ఈ ముక్కను విశాఖ డివిజన్‌లో కలపలేదు. బారువ, సోంపేట ప్రయాణికులు ఒక రైలును ఆపమని అడగాలన్నా విన్నపం పొరుగు రాష్ట్రానికే వెళ్లాలి. మహానగరం పటాలు గీసే ప్రజాప్రతినిధులు ఆ ఉత్సాహంలో పదో వంతు ఈ కొద్దిపాటి పట్టాల మీద చూపి, పార్లమెంటు వచ్చే సమావేశాల్లోనైనా రైల్వే మంత్రి చేత దీనికి జవాబు చెప్పించాలి.